ఇంట్లో చూసిన సినిమా గురించి నలుగురికి పనికొచ్చేలా చెప్పడం ఎలా?

పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు చూసుకోవడం నా పని. నెల మొదట్లో డబ్బుల కోసం ఇంటింటికీ వెళ్తాను. మంచినీళ్ళు చేతికిచ్చేలోపే సినిమా మాట వచ్చేస్తుంది. ఒకింట్లో "అబ్బో, ఎంత బాగుందోనండి, చూడండి" అంటారు. గోడ అవతలింట్లో అదే సినిమా గురించి "ఏవుందండీ, వట్టి సోది" అంటారు. ఇద్దరూ మనసులో ఉన్నదే చెబుతున్నారు. కానీ రెండూ విన్న మనిషికి ఈ రాత్రి అది పెట్టుకోవాలో వద్దో తేలదు.

తెల్లారకుండానే చెరువుకో పొలానికో వెళ్ళేవాళ్ళకి రోజు మొత్తం మీద భోజనాలయ్యాక మిగిలేది ఆ రెండు గంటలే. మన మాట నమ్మి ఆ రెండు గంటలు ఖర్చు పెడతారు. అందుకే సినిమా గురించి చెప్పడం చిన్న విషయమని నేను అనుకోను.

మొట్టమొదట, మీరు ఎలా చూశారో చెప్పండి. థియేటర్లో అందరూ ఒకే తెర మీద, ఒకే సౌండుతో, మొదటి నుంచి చివరిదాకా చూస్తారు. ఇంట్లో ఎవరి సినిమా వాళ్ళదే. రొయ్యల చెరువు కాపలా కుర్రాడు గట్టు మీద మంచం వేసుకుని, ఏరేటర్ల మోతలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో చూస్తాడు. వాళ్ళమ్మ అదే సినిమాని ఇంట్లో పెద్ద టీవీలో చూస్తుంది గానీ, పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టి మాటిమాటికీ లేస్తుంది. ఆవిడ "కథ అర్థం కాలేదు" అన్నా, అతను "ఫొటోగ్రఫీ ఏమంత లేదు" అన్నా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వినేవాళ్ళకి తెలియాలి. "ఇంటర్వెల్ దాకా చూశానండి, తర్వాత నిద్ర పట్టేసింది" అనడానికి మొహమాటపడక్కర్లేదు. అది చెబితే మిగతాది వినేవాళ్ళే అంచనా వేసుకుంటారు. చెప్పకుండా "సెకండాఫ్ తేలిపోయింది" అంటే మాత్రం అన్యాయం. ఈ మధ్య ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని చూసేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు. అలా చూసి "ఎమోషన్ పండలేదు" అనకండి. కొడుకు మొహం చూసి మాట రాక తండ్రి ఆగిపోయిన ఆ కాసేపటిని మీరే పరిగెత్తించేశారు.

సినిమాని తిట్టే ముందు టీవీ సంగతి ఒకసారి చూడండి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొత్త టీవీ కొన్నవాళ్ళు తరచూ అనే మాట: "సినిమా సీరియల్లా ఉందండి, చవగ్గా చుట్టేశారు." సినిమాలు మామూలుగా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. కదలిక నున్నగా కనపడాలని చాలా కొత్త టీవీలు ఆ ఫ్రేముల మధ్య తమంతట తామే మరికొన్ని కల్పించి చూపిస్తాయి. దాంతో వెండితెర కళ పోయి స్టూడియోలో తీసిన సీరియల్లా అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ అన్న చోటికి వెళ్ళి, 'మోషన్' అన్న మాటతో కనిపించే ఆప్షన్ ఆపేసి, అదే సీను మళ్ళీ చూడండి. కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని విడిగా ఉంటుంది, అది పెట్టినా సరిపోతుంది.

రెండో ఫిర్యాదు, "మాటలు వినపడవు, ఫైటొస్తే ఇల్లు అదిరిపోద్ది." ఓటీటీలో చాలా సినిమాలకి 5.1 సౌండ్, అంటే చుట్టూ ఆరు స్పీకర్లు పెట్టుకుని వినే సౌండు, ఉంటుంది. అందులో డైలాగులు ఎక్కువగా మధ్య స్పీకరు కోసం కలుపుతారు. మన టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు. అన్నీ వాటిలోకే దూరేసరికి డైలాగు వెనకబడుతుంది. ఆడియోలో స్టీరియో ఉంటే అది ఎంచుకోండి. తర్వాత కూడా వినపడకపోతే అప్పుడు సౌండు బాగాలేదని నిక్షేపంగా చెప్పండి. పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ నొక్కే అలవాటు కూడా మానండి. టీవీ తెర కంటే వెడల్పుగా తీసిన సినిమా అది. జూమ్ చేస్తే రెండు పక్కలా తెగిపోతుంది. ఒక చివర భర్త, ఇంకో చివర భార్య నిలబడిన సీనులో ఒకరు సగమే మిగులుతారు.

ఎక్కడ చూశారన్నది కూడా కలపండి. 'ఎ' సర్టిఫికెట్ వచ్చిన సినిమాని ఉన్నదున్నట్టు టీవీ ఛానల్లో వెయ్యకూడదు. కత్తిరించి, మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకుని వేస్తారు. అందుకే ఛానల్లో చూసిన వదినకీ ఓటీటీలో చూసిన మరిదికీ వాదన వచ్చినప్పుడు ఇద్దరూ చూసింది ఒకటేనా అన్నది ముందు తేల్చుకోవాలి. మలయాళం, తమిళం సినిమాలకి డబ్బింగ్ చూశారా, అసలు భాషలో చూశారా అన్నది ఇంకా ముఖ్యం. "ఆ అమ్మాయి యాక్టింగ్ కృత్రిమంగా ఉంది" అనే ముందు ఒక పది నిమిషాలు ఆడియో మార్చి, కింద అక్షరాలు పెట్టుకుని చూడండి. చాలాసార్లు మీకు నచ్చనిది ఆ అమ్మాయి నటన కాదు, ఆమెకి పెట్టిన గొంతు.

ఇక అడిగేవాళ్ళెవరో చూసుకోవాలి. మా ఊళ్ళలో అందరికంటే ఎక్కువగా వినపడే ప్రశ్న "అందరం కూర్చుని చూడొచ్చా?" దానికి "ఆ, ఫ్యామిలీ సినిమానేనండి" అని తేల్చేయకండి. "మొదటి అరగంటలో ఒక ముద్దు సీను ఉంది, తర్వాత ఏమీ లేదు", "బూతులు లేవుగానీ రక్తం బాగా ఉంది", "తాగే సీన్లు చాలా ఉన్నాయి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చూడాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. ఒకింటికి ముద్దు ఇబ్బంది, ఇంకో ఇంటికి రక్తం ఇబ్బంది. 2021 నుంచి ఓటీటీల్లో సినిమాకీ సిరీస్‌కీ ముందే యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వేసి, ఎందుకో కూడా రాయాలని నిబంధన ఉంది. మొదలవగానే మూలన కొన్ని సెకన్లు కనిపించి పోతుంది, చదివి పెట్టుకోండి. అయితే ఆ అంకె ఒక్కటీ చాలదు. ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయినవాళ్ళకి, ఆసుపత్రి సీన్లతో నిండిన సినిమా ఎంత గొప్పదైనా, ఆ విషయం ముందు చెప్పి తీరాలి. ఏ సర్టిఫికెట్ మీదా అది రాసి ఉండదు. పక్కింటివాళ్ళం కాబట్టి మనకే తెలుస్తుంది.

కథ ఎంతవరకు చెప్పొచ్చు? సినిమాకైతే మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసేదాకా చెప్పి ఆపేయండి. "చివర్లో ఒక ట్విస్టు ఉందండీ, నేను చెప్పను" అనడం కూడా వద్దు. అది విన్నవాళ్ళు సినిమా అంతా ఆ ట్విస్టు కోసం వెతుకుతూ కూర్చుంటారు. సీరియల్ పద్ధతి వేరు. పెళ్ళికి వెళ్ళి నిన్నటి ఎపిసోడ్ పోగొట్టుకున్న పిన్నిగారు "ఏవైందే?" అని అడిగితే ఆవిడకి కావలసింది మొత్తం కథే. అన్నీ వరసగా చెప్పండి. మధ్యలో మీ అభిప్రాయం దూర్చకండి, అది తర్వాత.

అసలు విషయానికి వస్తాను. "బాగుంది", "బాలేదు" అన్న మాటల చోట ఒక్క సీను చెప్పండి. ఏ సీను దగ్గర మీరు ఫోన్ పక్కన పెట్టేశారు? ఏ సీను దగ్గర మళ్ళీ తీశారు? ఈ రెండూ చెబితే చాలు, వినేవాళ్ళకి సినిమా సగం అర్థమైపోతుంది. "అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొలతలు వేసుకుంటుంటే తల్లి ఒక్క మాట అనకుండా అన్నం క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళిపోతుంది, అక్కడ నాకు గొంతు పట్టేసింది" అంటే అది అభిప్రాయం. నచ్చనప్పుడు కూడా అంతే. "అంత కోపంతో ఊరు వదిలిపోయినవాడు పాట అయ్యేసరికి తిరిగొచ్చేశాడు, ఎందుకొచ్చాడో చెప్పలేదు" అనండి. అలా చెబితే ఆ సినిమా నచ్చినవాళ్ళు కూడా మీతో మాట్లాడగలుగుతారు.

పోలిక పెట్టి చెప్పడం తేలికైన దారి. కానీ సగం చెప్పి వదిలేయకూడదు. 1973 నాటి అందాల రాముడు, 2006 నాటి గోదావరి, రెండూ పడవలో భద్రాచలం దాకా సాగే కథలు. "అది నచ్చిందా, అయితే ఇదీ చూడండి" అనొచ్చు. వెంటనే తేడా కూడా చెప్పాలి. రెండింటి మధ్య ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచాయి. మనుషుల మాట తీరు, కథ నడిచే వేగం, ఆడపిల్ల తన పెళ్ళి గురించి ఆలోచించే తీరు అన్నీ మారాయి. ఏది ఇష్టమై మొదటిది చూశారో అడిగి చెబితే ఇంకా మంచిది. పాత మాటల కోసం చూసినవాళ్ళు వేరు, నది కోసం చూసినవాళ్ళు వేరు.

మన కాలవ, మన వంతెన, మన కొబ్బరితోట తెర మీద కనపడితే మనసు ఉప్పొంగుతుంది. మా పాలకొల్లు అయితే అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు. ఇక్కడ ప్రతి వీధిలోనూ "మనోడు" అన్న మాట వినపడుతుంది. ఆ అభిమానం నాకూ ఉంది, ఎవరూ దాచుకోనక్కర్లేదు. దాన్ని విడిగా చెప్పండి. "మన ఊరు చూపించారని నాకు సంతోషం వేసింది, కథ మాత్రం మామూలే" అంటే తణుకులో ఉన్న బావకీ, తెనాలిలో ఉన్న స్నేహితుడికీ ఆ మాట పనికొస్తుంది.

ఇంట్లోనే అభిప్రాయాలు తేడా వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి అన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. మన గోదావరి జిల్లాల్లో మర్యాద ఎంత ఉందో, వెటకారం కూడా అంత తేలిగ్గా నోటికొస్తుంది. సినిమా దగ్గర అది మనిషి నోరు మూయించేస్తుంది. ఒకింట్లో పెద్దాయన యూట్యూబ్‌లో పాత సినిమా పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడే లోపలికొచ్చిన అల్లుడు "ఏంటి మావయ్యా, మళ్ళీ ఏడుపుగొట్టు సినిమానా" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. రిమోట్ తీసి టీవీ కట్టేశారు. లంకలకోడేరు వైపు ఇంకో ఇంట్లో కాలేజీకెళ్ళే మనవరాలు అలాంటి సందర్భంలోనే "తాతయ్యా, ఆవిడ గాజులు తీసిచ్చేటప్పుడు నువ్వెందుకు ఏడ్చావు?" అని అడిగింది. వాళ్ళ నాన్న చదువుకి నానమ్మ గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఆయన చెప్పారు. ఆ పిల్ల అంతా విని, "నాకు మాత్రం ఆవిడ అడక్కుండానే ఇచ్చేయడం నచ్చలేదు తాతయ్యా. ఆయన ఒక్కసారైనా వద్దనాల్సింది" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "నేనూ వద్దనలేదమ్మా" అన్నారు. ఇద్దరి అభిప్రాయాలూ మారలేదు. మాట మాత్రం అన్నం తినేదాకా నడిచింది. "ఎందుకు నచ్చింది?" అని ముందు అడగండి. పూర్తిగా వినండి. ఆ తర్వాత "నాకైతే" అని మొదలుపెట్టండి.

రెండు చోట్ల మాత్రం నేను మాట తెంపేస్తాను. హీరో మీద అభిమానం కులం వైపు మళ్ళిందంటే అక్కడ సినిమా గురించి ఇంక ఎవరూ మాట్లాడరు. ఎవరి పక్షం వాళ్ళదే. అలాగే నటి రంగు మీద, ఒంటి మీద వ్యాఖ్యలు. అదే రంగున్న పిల్ల ఆ గదిలోనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ వింటుంది. నటన ఎలా ఉందో ఎంతైనా చెప్పండి, ఒంటి జోలికి వెళ్ళకండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. మా వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. ఇక్కడ రాత్రి పదిన్నర అయితే కువైట్‌లో ఎనిమిదే, ఇంకా పనిలోనే ఉంటారు. ఇంట్లో అందరూ చూసేసిన సినిమా వాళ్ళు సెలవు దొరికితేనే చూస్తారు. అందుకే మెసేజ్ మొదట్లోనే "అక్కా, నువ్వు చూశాకే ఇది విను" అని చెప్పి, కాస్త ఆగి, తర్వాత మిగతాది మాట్లాడండి. ఒక నిమిషం దాటనివ్వకండి. తను చూశాక ఏమనిపించిందో చెప్పమని అడగండి. అక్కడ ఒంటరిగా చూసినవాళ్ళకి చెప్పుకోవడానికి మనిషి కావాలి.

సినిమా పేరు చెప్పేటప్పుడు ఏ యాప్‌లో ఉందో, ఏ భాషలో ఉందో, ఎంతసేపో కలిపి చెప్పండి. ఒకే పేరుతో రెండు మూడు సినిమాలుంటాయి, డబ్బింగ్‌కి వేరే పేరు పెడతారు. పోస్టర్ స్క్రీన్‌షాట్ పంపితే గొడవే లేదు. సిరీస్ అయితే ఎన్ని ఎపిసోడ్లో, ఎన్నో ఎపిసోడ్ నుంచి పట్టుకుంటుందో చెప్పండి. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగే రోజులైతే, కనకాయలంక లాంటి ఊళ్ళవాళ్ళకి అది డౌన్‌లోడ్ చేసుకోవచ్చో లేదో కూడా ముందే చెప్పాలి. ఊరికి దారైన కాజ్‌వే మునిగాక మేము కూడా బాగుచేయడానికి అటు వెళ్ళలేం. నీళ్ళు తీసేదాకా వాళ్ళు చూసేది ఫోన్లో దాచుకున్నదే.