ఎత్తైన శిఖరయాత్రలో రాత్రి బసకు చోటు చూసుకోవడం

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి హిమాలయ శిఖరయాత్రలకు వెళ్లేవారు బూట్లు, చలికోట్లు కొనడంలో చూపే శ్రద్ధ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న విషయంలో చూపడం లేదు. శిఖరానికి ఎంత దగ్గరగా గుడారం వేసుకుంటే మర్నాడు నడక అంత తగ్గుతుందని చాలామంది లెక్క వేస్తారు. సముద్రతీరంలో పుట్టి పెరిగిన శరీరాలకు ఆ లెక్క ప్రమాదకరం. శిఖరం నాడు రెండు గంటలు ఎక్కువ నడవవలసి వచ్చినా సరే, బస కిందనే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఎత్తు ప్రదేశాల్లో రక్తంలోని ఆక్సిజన్ నిద్రలో ఇంకా తగ్గుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి బసకూ మరుసటి రాత్రి బసకూ మధ్య ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో అదనంగా ఒక రాత్రి ఆగాలనీ వైద్యులు సూచిస్తారు. మనవారు ఎక్కువగా వెళ్లే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరాన్నే తీసుకుంటే, నడక మొదలయ్యే సాంక్రి గ్రామం సుమారు 1,950 మీటర్ల ఎత్తులోనూ, దారిలో బస చేసే జుడా కా తాలాబ్ చెరువు సుమారు 2,800 మీటర్ల ఎత్తులోనూ, బేస్ క్యాంపు సుమారు 3,400 మీటర్ల ఎత్తులోనూ, శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. జుడా కా తాలాబ్ దగ్గర తలనొప్పి, వికారం మొదలైన వ్యక్తిని మర్నాడు బేస్ క్యాంపుకు నడిపించకుండా అక్కడే మరో రాత్రి ఉంచాలి. తగ్గకపోతే కిందికి దించాలి. ఢిల్లీలో విమానం ఎక్కి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో నేరుగా దిగేవారు తొలి రెండు రాత్రులూ ఆ ఊళ్లోనే గడపాలి. ఉదయగిరి కొండ ఎక్కి దిగడం కాళ్లకు మంచి సాధనే కాని, వెయ్యి మీటర్లు కూడా లేని ఆ ఎత్తు శరీరాన్ని పలచని గాలికి అలవాటు చేయదు.

ఎత్తు సరిపోయిందనుకున్నాక, అర్ధరాత్రి ఎవరికైనా ఊపిరి అందకపోతే టార్చిలైటు వెలుగులో ఎటు దిగగలమో చూసుకోవాలి. ఇది చాలా గుంపులు మరచిపోయే విషయం. కనుమ దాటి అవతలి గిన్నెలాంటి లోయలో బస చేస్తే, కిందికి చేరడానికి ముందు మళ్లీ పైకి ఎక్కవలసి రావచ్చు. జబ్బు పడిన మనిషికి ఆ ఎక్కడమే ప్రాణాంతకం కావచ్చు. ఎక్కి వచ్చిన దారిలోనే కనీసం 300 మీటర్లు ఎత్తు తగ్గే వీలున్న చోటును ఎంచుకోవడం మేలు.

ఇక నేల సంగతి. పైన ఎక్కడో వాన కురిస్తే, మన మీద చినుకు పడకుండానే వాగు పొంగడం కనిగిరి, ఉదయగిరి వైపు వారికి కొత్త కాదు. హిమాలయాల్లో దీనికి తోడు మంచు కరుగుతుంది కాబట్టి, ఉదయం మోకాలి లోతున్న ఏరు సాయంత్రానికి దాటరానిదవుతుంది. ఒడ్డున రాళ్ల మీది తడి గుర్తులనూ, పొదలకు చిక్కుకున్న చెత్తనూ చూసి, ఆ మట్టానికి బాగా పైన, నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో గుడారం వేయాలి. చుట్టూ పదునైన అంచులతో తాజాగా విరిగిన రాళ్లు పడి ఉంటే పైనుంచి ఇంకా రాళ్లు దొర్లుతున్నాయని అర్థం. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. అడవి మధ్య చెట్లు లేని పొడవాటి పట్టీ, దాని అంచున వాలుకు ఎగువ వైపు కొమ్మలు మాత్రమే విరిగిన చెట్లు కనిపిస్తే, చదునుగా ఉన్నా అక్కడ ఆగకూడదు.

చల్లని గాలి బరువైనది కాబట్టి రాత్రి పల్లపు మడిలోకి నీరు చేరినట్లు లోయ అడుగుకు చేరుతుంది. శిఖరపు గట్టు మీదనేమో ఈదురుగాలి, పిడుగు. ఈ రెంటికీ నడుమ, చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు కాస్త దిగువన, లోయ అడుగు నుంచి ఇరవై ముప్పై మీటర్లు ఎక్కితే దొరికే చదును మెట్టు బసకు అనువైనది. ఎండిపోయిన చెట్టు కిందా, ఒంటరి చెట్టు పక్కనా మాత్రం వద్దు. బుగ్యాళ్లు అనే ఎత్తైన పచ్చిక మైదానాలు ఎంత అందంగా ఉన్నా, ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది కాబట్టి, అనుమతి ఉన్న శిబిర స్థలాలేవో ముందే అటవీశాఖ వారిని అడగాలి. మన పెంచలకోన అడవి కూడా అభయారణ్యమే. సాధన కోసమైనా అక్కడ అనుమతి లేకుండా రాత్రి ఉండరాదు.

చోటు కుదిరాక గుడారం విప్పక ముందే ఆ నేల మీద వెల్లకిలా పడుకుని చూడండి. నడుము కింద రాయి, తల వైపు పల్లం ఉంటే నిమిషంలో తెలిసిపోతాయి. అరచేతితో నేలను గట్టిగా అదిమినప్పుడు చెమ్మ అంటితే పక్కకు జరగాలి. ద్వారం గాలికి ఎదురుగా ఉండకూడదు.

మంచులో గుడారం తాళ్లకు కొట్టే మామూలు మేకులు నిలవవు. అడుగు పొడవు కర్ర నడుమ తాడు కట్టి, కర్రను అడ్డంగా గుంటలో పెట్టి, పైన మంచు కప్పి తొక్కి, గట్టిపడేదాకా కొంతసేపు ఆగి తాడు బిగించాలి. వదులు ఇసుకలోనూ మేకులు నిలవవు కాబట్టి, మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు గాలి జోరుగా వీచే సాయంత్రం తీరంలో ఇదే పద్ధతిలో గుడారం కట్టడం నేర్చుకోవచ్చు. చేతి తొడుగులు వేసుకుని, చీకట్లో కూడా ఆ ముడులు వేయగలిగేదాకా సాధన చేయాలి.