దసరాకి మొక్కలు కొంటున్నారా? ముందు పిట్టగోడ సంగతి చూడండి

మొన్న ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మా వీధిలో రెండో అంతస్తు నుంచి మందారం కుండీ ఒకటి కింద పడింది. గాలి లేదు, వాన లేదు. కోతి వచ్చి మొగ్గ పట్టుకుని లాగింది, అంతే. పాలబ్బాయి అప్పుడే గేటు దగ్గర సైకిల్ స్టాండు వేసి పక్కింటి మెట్లెక్కాడు. కుండీ సరిగ్గా సైకిల్ సీటు మీద పడింది. సీటు వంగిపోయి వెనక చక్రానికి ఆనుకుంది. క్యాను మూత కాలవలో దొరికింది. ఆ ఇంటావిడ మొక్కలు మొదలుపెట్టి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. పైనుంచి చూసి అక్కడే కూలబడిపోయింది పాపం.

మా ఒడిశా బరంపురంలో ఇప్పుడు ఏ నర్సరీకి వెళ్లినా జనమే. బంతినారు, చామంతి మొక్కలు దిగాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఈ రోజుల్లోనే కొంటారు. నీళ్లెప్పుడు పోయాలి, ఎరువెంత వేయాలి అన్నవి నర్సరీ అతను చెబుతాడు, తెలుగులో అడిగినా చెబుతాడు. (నందివర్ధనం కావాలంటే మాత్రం ఒడియాలో ‘టగర’ అని అడగండి.) కుండీని ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టకూడదో మాత్రం అతను చెప్పడు. అది నేను చెబుతాను.

పిట్టగోడ మీద పెట్టకూడదు.

మనకి మొక్కలు కొనే నెలా తుఫాను నెలా ఒకటే. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. జూన్‌లో జానెడున్న మందారం అప్పటికి మూడు నాలుగు అడుగులు పెరిగి, గుబురుగా ఆకులేసి ఉంటుంది. గాలికి అది తెరచాప. కింద కుండీ ఎంత బరువున్నా పైన తెరచాప లాగుతూనే ఉంటుంది.

ఫైలిన్‌కి ముందు నేనూ ఈ తప్పే చేశాను. పిట్టగోడ మీద నాలుగు గులాబీ కుండీలు ఉండేవి. రేడియోలో హెచ్చరిక విన్నాక మా ఆయన చేత వాటిని ఇనప తీగతో చువ్వలకి గట్టిగా కట్టించాను. కట్టాం కదా అని ధైర్యంగా లోపలికొచ్చి పడుకున్నాం. తెల్లారి చూస్తే తీగ ఉంది, చువ్వలున్నాయి, తీగలో ఒక మట్టికుండీ అంచు మాత్రం చేతి గాజులా వేలాడుతోంది. ఆ కుండీలో మిగతా భాగం వెనక సందులో రేకుల ఇంటి మీద పడి, రేకు పగలగొట్టుకుని, లోపల మంచం మీదుంది. ఆ ఇంట్లో వాళ్లు ఆ రాత్రి స్కూలు భవనంలో తలదాచుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ మంచం మీద మామూలుగా ముసలావిడ పడుకునేది. ఆవిడ తర్వాత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

లెక్క కూడా చూడండి. 12 అంగుళాల కుండీ తడిమట్టితో 20 కిలోలు తూగుతుంది. 20 అడుగుల ఎత్తు నుంచి పడితే నేలకి చేరేసరికి దాని వేగం గంటకి 40 కిలోమీటర్లు. కింద మనిషి తల ఉంటే హెల్మెట్ కూడా ఉండదు.

చెబితే అందరూ ఏదో ఒక సమాధానం చెబుతారు. తీగతో కట్టాం అంటారు, ఆ కథ పైనే చెప్పాను. కమ్మీలకి తగిలించే ఇనప స్టాండు వేయించాం అంటారు. ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది వెల్డింగ్ అతుకులే, పైన రంగు వేస్తే అది కనబడదు. సిమెంటు కుండీ, కదలదు అంటారు. ఐదంగుళాల గోడ మీద ఎనిమిది అంగుళాల అడుగున్న కుండీ ఎంత బరువైతే మాత్రం ఏం లాభం? బరువైనది పడితే ఇంకా ఘోరం. ‘పండగ అయ్యాక దించేస్తాం’ అనేది అన్నిటికంటే అసలైన మాట. ఆ పండగ రోజుల్లోనే కదండీ తుఫాన్లొచ్చేది.

కింద పెడితే ఎండ రాదని భయం. వస్తుంది. అక్టోబరు నుంచి సూర్యుడు దక్షిణం వైపు ఒరుగుతాడు కాబట్టి, డాబాలో ఉత్తరపు పిట్టగోడకి లోపలి పక్క, గోడ మొదట్లో నేల మీద పెట్టండి. అడ్డు లేకపోతే రోజంతా ఎండే. బంతికీ చామంతికీ అంతకంటే మంచి చోటు లేదు. దక్షిణపు గోడ పక్కన పెడితే మాత్రం నీడే. కుండీ కింద రెండేసి ఇటుకలు పెట్టండి, నీళ్లు దిగుతాయి, స్లాబు చెమ్మెక్కదు. పెద్ద కుండీలన్నీ స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకండి.

తుఫాను కబురు వస్తే గాలి మొదలయ్యేదాకా ఆగకండి. ముందురోజు పగలే డాబా ఎక్కండి. కుండీలన్నీ ఒక మూలకి చేర్చి, ఒకదానికొకటి ఆనించి, పొడుగు మొక్కల్ని పక్కకి పడుకోబెట్టండి. నాలుగు రోజులు పడుకుంటే మొక్క చావదు. గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) ఇంట్లోకి తేవాలి, అవి గాలికి మట్టితో సహా జరుగుతాయి. డాబా తూముల్లో ఆకులూ మట్టీ తీసేయండి. తుఫాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని పైకి వెళ్లకండి. అది తుఫాను కన్ను. అది దాటగానే గాలి అవతలి వైపు నుంచి తిరిగి కొడుతుంది.

ఇక మిగతావి. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెబుతున్నాను.

కుండీ కింద ప్లేటు వద్దు. పెడితే వారానికి ఒకసారైనా పారబోసి, పీచుతో తోమండి. డెంగీ దోమ శుభ్రమైన నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు ఎండిన ప్లేటుకి అంటుకుని నెలలు బతుకుతాయి. ఊరికే పారబోస్తే పోవు.

వానాకాలంలో కుండీల వెనక చెయ్యి పెట్టకండి. ముందు కర్రతో కదపండి. రాత్రి టార్చి లేకుండా మొక్కల దగ్గరికి వెళ్లకండి. కట్లపాము కాటు చీమ కుట్టినంత నొప్పి కూడా పెట్టకపోవచ్చు. అనుమానం వస్తే కట్లు కట్టొద్దు, కోయొద్దు, మంత్రాలకి టైము పోగొట్టొద్దు. నేరుగా ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రి.

గన్నేరు, పచ్చగన్నేరు పిల్లలున్న ఇంట్లో వద్దు. పచ్చగన్నేరు గింజ గుండెని ఆపేస్తుంది. పూజకి పూలు కావాలంటే నందివర్ధనం చాలు.

మొగలి మోజు వద్దు. గంజాం మొగలికి పేరుంది నిజమే, కుండీలో మాత్రం ముళ్లే మిగులుతాయి.

పురుగుమందు కూల్‌డ్రింక్ సీసాలో పోయకండి. ‘కొంచెమే కదా’ అని కూడా పోయకండి. పిండినల్లి, పేనుబంక లాంటి పురుగులకి ముందు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టి చూడండి.

తడిచేత్తో మోటారు స్విచ్ వేయకండి.

తుప్పు పట్టిన మేకు గీసుకున్నా, గులాబీ ముల్లు లోతుగా దిగినా ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోండి.

ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి తీగ పాకించకండి.

కుండీ ఒక్కరే ఎత్తకండి. నడుం పడితే నెల రోజులు మంచమే.

పిట్టగోడ మీద చిన్న కుండీ కూడా వద్దు. పెరుగు డబ్బాలో తులసి కూడా వద్దు.

నీళ్ల మగ్గు కూడా వద్దు.

మా ఎదురింటి పిట్టగోడ మీద ఇంకా మూడు చామంతి కుండీలున్నాయి. ఆదివారం జరిగింది వాళ్లూ చూశారు. ఈ సాయంత్రం వెళ్లి అడుగుతాను. కోప్పడితే పడనీ, దించడానికి మా అబ్బాయిని కూడా తీసుకెళ్తున్నాను.