ఐఈఎల్‌టీఎస్ ఒపీనియన్ ఎస్సే 6 దగ్గరే ఆగిపోతుంటే: నాకు పనిచేసిన పద్ధతి

గ్రామర్ తప్పులు తక్కువే, 250 పదాలు దాటుతున్నాయి, అయినా టాస్క్ 2లో (ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ఎస్సే రాసే భాగం) బ్యాండ్, అంటే స్కోరు, కదలదు. పెద్ద పదాలు బట్టీ పట్టడం, టెంప్లేట్లు, ఇంకా పొడవుగా రాయడం వల్ల ఏమీ మారలేదు.

మార్చింది మొదటి ఐదారు నిమిషాలు. ముందు ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో, తెలుగులోనే రాసుకున్నాను. "సిటీ బస్సులు ఉచితం చేయాలి, ఎంతవరకు ఒప్పుకుంటారు?" అని అడిగితే: "ఒప్పుకోను, జనానికి ముందు కావాల్సింది టైముకొచ్చే బస్సు." దాని కింద రెండు కారణాలు, అవే రెండు బాడీ పేరాల మొదటి వాక్యాలు. ఒక్కో కారణాన్ని "అయితే ఏమవుతుంది?" అని రెండుసార్లు అడగాలి. టికెట్ డబ్బు ఆగితే కొత్త బస్సులు రావు. రాకపోతే రద్దీ పెరిగి, బైకున్నవాళ్లు బైకు దిగరు. పేరాకి ఇంత చాలు, మూడో కారణం ఇరికించొద్దు. చాలామంది ఎస్సే పలచబడేది అక్కడే.

చివర్లో పేరాల మొదటి వాక్యాలే చదవండి. ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని వాక్యాన్ని మార్చేయండి.

టాస్క్ రెస్పాన్స్‌లో, అంటే ప్రశ్నకు ఎంత బాగా జవాబిచ్చారన్న దాంట్లో, మార్కులు పోతున్నవాళ్లకే ఇది పనికొస్తుందనుకుంటున్నాను. వాక్య నిర్మాణమే ఇబ్బందైతే దీనివల్ల పెద్ద తేడా రాకపోవచ్చు. రెండు వైపులా చర్చించమనే ప్రశ్నకైతే అవతలి వాదనకూ ఒక పేరా ఇవ్వాలి.