ఫైబర్ బోటు వెనుక పలక చీకితే: గుర్తులు, కారణాలు, మరమ్మతు

భావనపాడు, కళింగపట్నం, బారువ... శ్రీకాకుళం తీరంలో ఎక్కడ చూసినా బోట్లు ఇసుక మీదే ఉంటాయి. కెరటాలను దాటి ఒడ్డెక్కే ప్రతిసారీ ఇంజిను బరువూ కుదుపూ పడేది వెనుక పలక మీదే. దీన్నే ట్రాన్సమ్ అంటారు. పైకి అంతా ఫైబరే అనిపిస్తుంది కానీ, పాత బోట్లలో చాలావాటికి లోపల ప్లైవుడ్ ఉంటుంది, దానికి ఇరువైపులా ఫైబర్ పొరలు. మూడూ ఒకటిగా అతుక్కుని ఉన్నంత కాలమే దానికి బలం. మధ్యలో చెక్క చీకితే, అంటే కుళ్లి మెత్తబడితే, 40 కిలోలకు అటూ ఇటూ తూగే ఇంజినును మోసేది రెండు పలుచని పొరలే. నడిసముద్రంలో అవి చిరిగితే ఇంజిను పోతుంది, ఆ సందులోంచి నీరు లోపలికి వస్తుంది. అందుకే ఈ గుర్తుల్లో ఏది కనిపించినా వాయిదా వేయకండి.

ఇంజిను ఊగుతోంది

ఇంజినును పలక మీదే ఉంచి కిందికి వంచి, ప్రొపెల్లర్ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. ఒకరు ఊపుతుంటే మరొకరు పలక పైఅంచును గమనించాలి. పలక కదలకుండా ఇంజిను మాత్రమే ఆడుతుంటే క్లాంపు మరలు వదులై ఉంటాయి, లేదా ఇంజినులోని రబ్బరు బుష్‌లు అరిగి ఉంటాయి. అది చిన్న పని. ఇంజినుతో పాటు పలకా వంగుతుంటే చెక్క పోయినట్టే. క్లాంపు మరలను నెలనెలా ఇంకాస్త బిగించాల్సి వస్తున్నా, వాటి కింద ఫైబర్ గుంటపడినా అదే అర్థం.

మూలల్లో పగుళ్లు, బోల్టు రంధ్రాల నుంచి గోధుమరంగు నీరు

పై రంగు పొరలో వెంట్రుకంత సన్నని గీతలు ఎండకూ వస్తాయి, వాటికి కంగారు పడనక్కర్లేదు. వెనుక పలక పక్కగోడలను కలిసే మూలల్లో గోరు దిగేంత పగులు ఉంటే మాత్రం పలక ఊగుతోందని అర్థం. బోటు ఒడ్డున ఎండలో ఉన్నా, ఏదో ఒక రంధ్రం కింద టీరంగు చార కనిపిస్తుంటే లోపలి చెక్క నుంచి నీరు కారుతోంది.

తట్టితే శబ్దం మూగబోతోంది

చిన్న కొయ్య సుత్తితో పలకంతా జానెడు జానెడు దూరంలో తట్టి చూడండి. గట్టి చోట ఖణేల్‌మంటుంది, చీకిన చోట శబ్దం మూగబోతుంది. మూగబోయిన చోటల్లా సుద్దతో గీత గీయండి.

శబ్దంతోనే తేల్చేయకండి. లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్‌తో, బయటి పొర తెగకుండా, బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తుపెట్టుకుని రంధ్రాలు వేయండి. అడుగున నీటి గొట్టం (బోటులో చేరిన నీరు బయటికి పోయే దారి) పక్కన ఒకటి, ఇంజిను బోల్టుల కింద రెండు, మూలల్లో రెండు చాలు. బిట్‌తో వచ్చిన పొట్టును అరచేతిలో వేసుకుని చూడండి. లేతరంగులో, పొడిగా, చుట్టలు చుట్టుకుని వస్తే చెక్క బాగుంది. నల్లగా వచ్చి, వేళ్ల మధ్య నలిపితే తడి ఊరి, బూజు వాసన వేస్తే పోయింది. తడి అడుగుకే పరిమితమైందా, పైదాకా పాకిందా అన్నది ఈ రంధ్రాలే చెబుతాయి.

అసలు ఎందుకు చీకుతుంది

చాలామంది సముద్రపు నీటిని తప్పుపడతారు. ఉప్పు కొంతవరకు చీకును ఆపుతుంది. చెక్కను తినే బూజుకు అనువైనది వాననీరు. జూన్ నుంచి నవంబరు దాకా మన తీరంలో బోట్లు వానకు తడుస్తూనే ఉంటాయి. టార్పాలిన్ కప్పని బోటులో వెనుకవైపు నీరు నిలుస్తుంది. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే ఆ బూజు పెరగదు. కాబట్టి అసలు దోషం నీరు దూరిన దారిది. అది దాదాపు ఎప్పుడూ ఒక రంధ్రమే: సీలెంట్ (నీరు దూరకుండా పూసే ముద్ద) లేకుండా దిగ్గొట్టిన మర, ఎప్పుడో తీసేసిన బ్రాకెట్ వదిలిన తూటు, పగిలిన నీటి గొట్టం, పైఅంచున చెదిరిన ఫైబర్. పని మొదలుపెట్టే ముందే ఆ దారిని వెతికి పట్టుకోండి.

చేయకూడనివి

ఇనుప రేకు రెండువైపులా పెట్టి బోల్టులు బిగించడం మన ఒడ్డున బాగా చూస్తాం. ఇంజిను కొన్నాళ్లు ఊగదు, నిజమే. కానీ కొత్త బోల్టుకొక రంధ్రం చొప్పున నీటికి మరిన్ని దారులు తెరిచినట్టవుతుంది, రేకు కింద చీకు కనిపించకుండా పాకుతుంది. తడిసిన చెక్కలోకి రెజిన్ (ఫైబర్ పనిలో వాడే, గట్టిపడే జిగురు ద్రవం) ఎక్కించడమూ అంతే: నీరున్న చోటికి రెజిన్ దిగదు.

చీకు ఒకే రంధ్రం చుట్టూ అరచేతి లోపే ఉంటే, అక్కడి మేరకు గట్టి చెక్క తగిలేదాకా తొలిచి, పూర్తిగా ఆరనిచ్చి, చిక్కబరిచిన ఎపాక్సీతో (ఇది ఒక రకం రెజిన్) పూడ్చవచ్చు. అంతకు మించితే చెక్క మార్చడమే.

చెక్క మార్చడం

దీనికి అనువైన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, ఎండకు చెక్క ఆరుతుంది.

ఇంజిను దించి, బోటును అడుగున సమంగా ఆనించండి. వెనుక పలక ఎంత వాలుగా ఉందో అట్టముక్క కత్తిరించి పట్టుకోండి. ఆ వాలు మారితే ఇంజిను నీటిలో సరైన కోణంలో నిలవదు. బయటి పొర వంగిపోకుండా దానికి అడ్డంగా తిన్నని కర్రలు కట్టండి. తరువాత లోపలి పొరను, అంచు చుట్టూ రెండు మూడు అంగుళాలు వదిలి, గ్రైండర్‌తో కోయండి. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కూ కళ్లద్దాలూ లేకుండా ముట్టుకోవద్దు.

ఇక ఉలి పని. బాగా చీకిన చోట చెక్క నానిన అటుకుల్లా చేతికి ఊడివస్తుంది. గట్టిగా ఉన్న చోట పొరపొరగా లేపాలి, ఓపిక కావాలి. బయటి పొర శుభ్రంగా కనిపించేదాకా వదలకండి. బోటు అడుగున పొడవునా వెళ్లే దూలాలు పలకను కలిసే చోటా పొడిచి చూడండి. చీకు అక్కడికీ పాకుతుంది. తరువాత 40 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఆరనివ్వండి.

వడ్రంగులు టేకు పలక వేయమంటారు. వద్దు. నిండు కర్ర తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది, పైన ఫైబర్‌ను పగలగొడుతుంది. టేకులోని నూనె వల్ల అతుకు కూడా సరిగా పట్టదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, మామూలు ప్లైవుడ్‌కు ఉండే ఐఎస్ 303 కాదు. ముద్రతోనే సరిపెట్టుకోక, షీటు అంచున పొరల మధ్య ఖాళీలు లేవని చూసుకోండి. పాత మందమే కొత్తదానికీ ఉండాలి; ఉదాహరణకు 36 మిల్లీమీటర్లు కావాలంటే 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు ఎపాక్సీతో కలిపి అతికించాలి. అంచులకు రెండుసార్లు ఎపాక్సీ పూయండి, చెక్క నీరు తాగేది అంచుల నుంచే.

బయటి పొర లోపలివైపంతా చిక్కబరిచిన ఎపాక్సీని పళ్ల కరణితో పరిచి, ప్లైవుడ్‌ను దాని మీద ఒత్తండి. పాత బోల్టు రంధ్రాల గుండా పొడవు మరకడ్డీలు దూర్చి, కర్రలు అడ్డం పెట్టి బిగించండి. అంచుల నుంచి ముద్ద కొద్దిగా బయటికి వచ్చేవరకే బిగించాలి. మరీ బిగిస్తే అతికేది మిగలదు. మర్నాటిదాకా కదపకండి.

తరువాత మూలల్లో ఎపాక్సీ లప్పం పెట్టి గుండ్రంగా తీర్చండి, ఫైబర్ గుడ్డ నిలువు మూలలో మడత పడదు. దాని మీద మూడు నాలుగు పొరలు, పక్కగోడల మీదికీ అడుగు మీదికీ ఆరేసి అంగుళాలు ఎక్కేలా, ఒక్కో పొర ముందుదాని కంటే అంగుళం ఎక్కువగా వేయాలి. పైఅంచును కూడా చుట్టేయాలి.

రెజిన్ గురించి గట్టిగా చెప్పాలి. చెక్కకూ పాత ఫైబర్‌కూ ఎపాక్సీ, మరో రకం రెజిన్ అయిన పాలియెస్టర్ కంటే బాగా పడుతుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు కాబట్టి మొదలుపెట్టినదానితోనే ముగించండి. ఎపాక్సీతో ఫైబర్ గుడ్డే వాడండి. తరిగిన పోగులను జిగురుతో అతికించి చేసే మామూలు మ్యాట్‌లో, ఆ జిగురు చాలావాటిలో ఎపాక్సీకి కరగదు. ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్‌ను తూకం వేసి కలపండి, ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, మెత్తగా మిగులుతుంది. పాలియెస్టర్ వాడేవారు వేగం పెంచే ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ కలపకూడదు, పేలుతుంది. మొదటిది రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది. మే నెల ఎండలో డబ్బాలోనే గడ్డకడుతుంది కాబట్టి తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకోండి.

రంధ్రాలు వేసేటప్పుడు

12 మిల్లీమీటర్ల బోల్టుకు మొదట 20 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ఎపాక్సీ ముద్దతో పూడ్చి, గట్టిపడ్డాక దాని మధ్యలో 12 వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క ఉండదు, సీలెంట్ పోయినా నీరు లోపలికి దూరదు. నీటి గొట్టానికీ ఇదే పద్ధతి. సీలెంట్‌గా పాలీయురేథేన్ వాడండి, నీటి మట్టం కింద సిలికాన్ నిలవదు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు 316 రకం, వాటికి వెడల్పు వాషర్లు.

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడడానికి వారం పడుతుంది, అంతవరకు ఇంజిను ఎక్కించకండి. మొదటి కొన్ని వేటల తరువాత బోల్టులు చూసుకుని, వదులైతే బిగించండి. వానాకాలం రాగానే బోటు ముందుభాగం ఎత్తుగా పెట్టి, నీటి గొట్టం బిరడా తీసి, టార్పాలిన్ కప్పండి.