హైబర్నేట్ నేర్చుకుందాం – 6: సెషన్ ఎంతసేపు బతకాలి?

పోయిన పాఠంలో హైబర్నేట్‌తో (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లకు కలిపే లైబ్రరీ) ఆర్డర్లు, వాటి కింద ఐటమ్‌లు ఉన్న చిన్న స్ప్రింగ్ బూట్ అప్లికేషన్ రాశాం. సర్వీసులో తెచ్చింది ఆర్డర్ ఒక్కటే, ఐటమ్‌లను లేజీగా (అడిగినప్పుడే తెచ్చేలా) వదిలేశాం. అయినా జవాబులో అవి వచ్చేశాయి. ట్రాన్సాక్షన్ ముగిశాక వాటిని తెచ్చిందెవరు?

ఓపెన్ సెషన్ ఇన్ వ్యూ. స్ప్రింగ్ బూట్‌లో ఇది అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. రిక్వెస్ట్ రాగానే సెషన్ (హైబర్నేట్ డేటాబేస్‌తో మాట్లాడే దారి) తెరుస్తుంది, జవాబు రాయడం పూర్తయ్యేదాకా మూయదు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు లాగ్‌లో దీని మీద హెచ్చరిక కూడా వస్తుంది. చదివేవాళ్లే తక్కువ.

తెరిచి ఉంటే ఏం పోయింది? సెషన్ ఒట్టి జావా ఆబ్జెక్టే, దానితో బరువేం లేదు. ఖరీదంతా దాని చేతిలో ఉన్న కనెక్షన్‌దే. మొదటి క్వెరీకి పూల్ (డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి పంచే చోటు) నుంచి తీసుకున్న కనెక్షన్‌ను, మనం సెట్టింగులేవీ మార్చకపోతే, సెషన్ మూసేదాకా తిరిగివ్వదు. స్ప్రింగ్ బూట్ మామూలుగా వాడే హికారీ పూల్ డిఫాల్ట్ సైజు 10. క్వెరీ అయిపోయి కంట్రోలర్ పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ కనెక్షన్ పనిలేకుండా పడి ఉంటుంది. అలాంటి రిక్వెస్టులు పది ఉంటే, పదకొండోది 30 సెకన్లు ఆగుతుంది, ఆలోపు ఏ కనెక్షనూ ఖాళీ కాకపోతే ఎర్రర్‌తో వెనక్కి వస్తుంది. డేటాబేస్ సర్వర్‌లో చూస్తే సీపీయూ ఖాళీ! డీబీఏని (డేటాబేస్ చూసుకునే మనిషిని) తిట్టి లాభం లేదు.

చేసి చూడండి. పూల్ సైజు 2కి తగ్గించండి. కంట్రోలర్‌లో సర్వీసును పిలిచిన తర్వాత 40 సెకన్ల స్లీప్ పెట్టండి. మూడు టెర్మినళ్ల నుంచి కర్ల్ కమాండ్‌తో ఒకేసారి పిలవండి. (బ్రౌజర్ ట్యాబులు వద్దు, ఒకే అడ్రస్ అయితే కొన్ని బ్రౌజర్లు ఒకటి అయ్యాకే ఇంకోటి పంపుతాయి.) మూడోది ఫెయిలవుతుంది.

ఇప్పుడు 'స్ప్రింగ్.జేపీఏ.ఓపెన్-ఇన్-వ్యూ'ని ఫాల్స్ చేసి మళ్లీ పిలవండి. కనెక్షన్ గొడవ పోయింది. కానీ స్లీప్ అయ్యాక, జవాబును జేసన్‌గా రాసే చోట, సెషన్ మూసేశాక ఐటమ్‌లు అడిగినందుకు, మూడూ లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్‌తో పడతాయి. నా మట్టుకు ఇదే నయం: ఏ డేటా కావాలో ముందే చెప్పలేదన్న సంగతి డెవలపర్ మెషీన్‌లోనే బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది ఐటమ్‌లను ఈగర్ (ఎప్పుడూ ఆర్డర్‌తోపాటే వచ్చేలా) చేసేస్తారు. వద్దు, ఐటమ్‌లు అక్కర్లేని చోటా అవి వెంటబడి వస్తాయి. 'ఎనేబుల్ లేజీ లోడ్ నో ట్రాన్స్' అన్న సెట్టింగ్ జోలికైతే అసలే పోకండి, అది లేజీగా తెచ్చిన ప్రతిసారీ కొత్త సెషన్ తెరుస్తుంది. రిపోజిటరీలో ఈ పేజీ కోసమే, ఆర్డర్‌నూ ఐటమ్‌లనూ ఒకేసారి తెచ్చే ఒక జాయిన్ ఫెచ్ క్వెరీ రాయండి. లేదా ట్రాన్సాక్షన్ లోపలే డీటీఓగా (కావాల్సిన డేటా మాత్రమే ఉన్న మామూలు ఆబ్జెక్టుగా) మార్చి కంట్రోలర్‌కి ఇవ్వండి. నేను రెండూ కలిపి వాడతాను.

అభ్యాసం: ఓపెన్-ఇన్-వ్యూ ఫాల్స్‌గానే ఉంచి, ఆ స్లీప్‌ను ట్రాన్సాక్షనల్ మెథడ్ లోపల, క్వెరీ తర్వాతి లైనులోకి జరపండి. మూడు పిలుపులూ మళ్లీ చేసి, మూడోది ఏమైందో లాగ్‌లో చూడండి. 7వ పాఠం అక్కణ్నుంచే.