తిరగలి పాఠాలు – 3: రాళ్ల మధ్య ఎడం

కిందటి పాఠంలో గింజలు చెరిగి, మట్టిగడ్డలు ఏరి, తేమ చూశాం. తేమ 12 నుంచి 14 శాతం మధ్య ఉన్న పాతరకం గోధుమనే ఈ పాఠానికి తీసుకోండి. అంతకన్నా తడిగా ఉంటే పిండి రాతి గంట్లలో జిగురులా పట్టేసి, రాయి నునుపెక్కిపోతుంది. పొట్టు గింజకు అంటుకునే ఉండే ఎమ్మర్, ఐన్‌కార్న్ అనే పాత గోధుమ రకాలైతే పైపొట్టు తీశాకే మరలో పోయాలి.

కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. రెంటి మధ్య ఎడం అంతటా ఒక్కలా ఉండదు. పాతకాలపు మరవాళ్ల లెక్క ఇదీ: గింజ పడే నడిమి కన్నం దగ్గర దళసరి కాగితం పట్టాలి, అంచున పల్చటి టిష్యూ కాగితం పట్టాలి. గింజ లోపల పగిలి, అంచుకు జరిగేకొద్దీ నలుగుతుంది. ఎడం సరిచేసే స్క్రూ తిప్పడం పది నిమిషాల్లో వస్తుంది. ఎప్పుడు తిప్పాలో తెలియడమే అసలు పని.

ముందుగా పై రాయిని ఎత్తి మోటారు వేయండి. గింజ పడటం మొదలయ్యాకే మెల్లగా దించండి. తొట్టి ఖాళీ కావస్తుంటే మళ్లీ ఎత్తేయండి. గింజ లేకుండా రాయి రాయిని ఒరిస్తే గంట్లు అరుగుతాయి, పిండిలో రాతిపొడి కలుస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. గాలిలో తేలే పిండిధూళి అంటుకుంటే పేలుతుంది. 1878లో అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమర అలాగే పేలి 18 మంది చనిపోయారు. గింజ లేక ఒరుసుకున్న రాళ్ల నుంచే రవ్వ లేచిందంటారు. కాబట్టి తొట్టి దగ్గర ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాల్సిందే, ఫోను పక్కన పెట్టి.

రెండోవారు పిండి దగ్గర ఉండాలి. జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. తవుడు వెడల్పు రేకులుగా, పిండి మెత్తగా తగిలితే ఎడం కుదిరినట్టే. రవ్వలా గరగరలాడితే ఎడం ఎక్కువ. తవుడు కూడా పొడైపోయి, పిండి జిడ్డుగా చేతికి అంటుకుంటే రాయి మరీ దిగింది. ఎడమో, గింజ పడే వేగమో, ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక కాసేపు ఆగండి. రాళ్ల మధ్య ఉన్న పాత పిండి బయటికి వచ్చేదాకా మీ మార్పు కనబడదు.

వేడి సంగతి. పిండిలోకి థర్మామీటరు దించి చూడండి. 40 డిగ్రీలు దాటనివ్వకపోవడం నా పద్ధతి. మొలక భాగంలో నూనె ఉంటుంది, అది ఇనుప రోలర్ల మధ్య నలిపే పెద్ద మరల తెల్లపిండిలో దాదాపు ఉండదు, మన పిండిలో ఉంటుంది. రుచి దానిదే, త్వరగా కమటు వాసన కొట్టేదీ దానివల్లే. వేడెక్కితే ఇంకా త్వరగా. గంటకు ఎన్ని కిలోలు ఆడుతుందని మర అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు, నేనైతే ఆ అంకె పట్టించుకోను. మర నడిపే చిన్న కుటుంబానికి, ఆర్డరు వచ్చాక తాజాగా ఆడించి ఇవ్వగలగడమే బలం. గోరువెచ్చని పిండిని వెంటనే కవర్లో కట్టకండి. చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. పల్చగా పరిచి ఆరనివ్వండి.

రకం మార్చినప్పుడు మొదట వచ్చే పిండిలో పాత రకం కలిసే ఉంటుంది, దాన్ని కొత్త రకం పేరుతో అమ్మకండి. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివారికి ఇచ్చే ధాన్యానికి వేరే రాళ్లే పెట్టుకోవాలి, ఎంత తుడిచినా ఇవి పనికిరావు.

వచ్చే పాఠానికి ఒక పని. ఒకే గోధుమను మూడు రకాల ఎడంతో ఆడించండి. పిండి వేడి, చేతికి తగిలిన తీరు నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కోదాంట్లో కాస్త పిండిని మూతపెట్టిన సీసాలో ఉంచి, వారానికోసారి వాసన చూడండి. మిగిలిన పిండి దాచండి, జల్లెడ పాఠంలో దాంతోనే పని.