విదేశీ చదువుకు ముందు ఇంట్లో బీరువా తెరవండి

బీటెక్ మూడో ఏడాదిలో ఉండి, ఎమ్మెస్‌కి అమెరికాయో జర్మనీయో వెళ్లాలనుకుంటున్న మన కోనసీమ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అమలాపురం చుట్టుపక్కల బ్యాంకు శాఖల్లో లోన్ల సీట్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. జీఆర్ఈ గురించి, ర్యాంకుల గురించి చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది. సీటొచ్చాక కాగితం ముక్క లేక ఆగిపోయిన పిల్లల్ని దగ్గర్నుంచి చూశాను కాబట్టి నేను కాగితాల సంగతే చెబుతాను. ప్రయాణానికి ఏడాదిన్నర ముందు, కన్సల్టెన్సీ గడప తొక్కకముందే ఈ పని మొదలుపెట్టండి.

మొదట పేర్లు. టెన్త్ మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే టెన్త్ మెమోలో ఉన్న పేరే వేయించండి, ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత నాన్నగారి పేరు చూడండి. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, ఇంటి దస్తావేజులో వెంకటేశ్వరరావు, పట్టాదారు పాసుపుస్తకంలో వెంకన్న. ఊళ్లో అందరికీ ఆయన ఒక్కడే, బ్యాంకు లాయరుకు మాత్రం ముగ్గురు. ఆధార్, పాన్ సరిచేయించుకోవచ్చు. పాత దస్తావేజుకి అఫిడవిట్ అడుగుతారు. అందులో ఏం రాయాలో బ్యాంకు లాయరునే అడిగి నోటరీ చేయించండి.

ఇక తనఖా. చదువు లోన్లకు బ్యాంకుల మోడల్ స్కీము ప్రకారం 7.5 లక్షల దాకా ఆస్తి తనఖా అక్కర్లేదు, అది దాటితే ఆస్తి చూపించాలి. కొన్ని బ్యాంకులు తమ జాబితాలో ఉన్న యూనివర్సిటీలకు తనఖా లేకుండానే ఎక్కువ ఇస్తాయి. యూనివర్సిటీలు ఎంచుకునే ముందే ఆ జాబితా అడిగి తెచ్చుకోండి.

"మూడెకరాల కొబ్బరితోట ఉంది కదండీ, చాలదా?" అని అడిగే నాన్నలు ఎంతమందో. విలువకేం, చాలుతుంది. కానీ 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అప్పు మొండిపడితే కోర్టుకెక్కకుండా బ్యాంకు దాన్ని వేలం వేయలేదు. అందుకే తోట, వరిచేను అంటే చదువు లోనుకు చాలా బ్యాంకులు వెనకాడతాయి. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి తరచుగా ఇంటిపన్ను రసీదు తప్ప దస్తావేజు ఉండదు, అదీ కష్టమే. టౌన్లో రిజిస్టరైన స్థలం, ప్లాను అప్రూవలున్న ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎల్ఐసీ పాలసీ పనికొస్తాయి. మేనమామగారి స్థలమైనా పెట్టొచ్చు, ఆయన గ్యారంటరుగా సంతకం చేయాలి.

స్థలం దొరికితే ఈసీ (దానిమీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే సర్టిఫికెట్) తీయించి, అసలు దస్తావేజు పక్కన పెట్టుకుని మీరే చదవండి. సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు కలవాలి. దస్తావేజులో "తూర్పు: పంటబోదె" అని ఉండి ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు ఉందనుకోండి, వాల్యుయేషన్‌కి వచ్చిన ఇంజినీరుకి చూపించి రిపోర్టులో రాయించండి. ఆస్తి తాతగారి పేరునే ఉండి పంపకాలు కాకపోతే అందులో మేనత్తలకూ వాటా ఉంటుంది. అత్త కువైట్‌లో ఉంటే అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. దీనికే నెలలు పడుతుంది. ఆవిడకు కాగితం పంపి సంతకం పెట్టమనడం మర్యాద కాదు. అది ఆవిడ హక్కు. అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పి అడగండి.

ఇప్పుడు లెక్క. 30 లక్షలు 10 శాతానికి తీసుకుంటే మొత్తం చేతికొచ్చాక వడ్డీ నెలకు 25,000. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లోనే వడ్డీ కట్టేవాళ్లకు రేటులో 1 శాతం దాకా తగ్గిస్తారు. అడగందే చెప్పరు, అడగండి. అదే 30 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 60,000. ఆ అప్పు మీద మాత్రం విమానం ఎక్కొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఖాతాలో నాలుగు రోజులు డబ్బు వేసి బ్యాలెన్సు చూపిస్తామనే కన్సల్టెన్సీ మాట అసలు వినొద్దు. రేపు వీసా ఆఫీసరు ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఈ లెక్క తేలాక దేశం ఎంచుకోండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. కానీ బ్లాక్‌డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేయాలి. అది మీ డబ్బే, నెలకు 992 చొప్పున మీకే ఇస్తారు. మన సర్టిఫికెట్లు అసలువేనని జర్మనీ వీసాకి చూపించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు వేరే. అమెరికా అయితే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) రావడానికే మొదటి ఏడాది ఖర్చుకు లోను శాంక్షన్ లెటరో బ్యాలెన్సో చూపించాలి. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185.

మన చేతిలో డబ్బాడే వేళల్ని బట్టి ఖర్చులు సర్దుకోండి. సార్వా డబ్బు సంక్రాంతికి వస్తుంది. ఐఈఎల్‌టీఎస్, అప్లికేషన్ ఫీజులు, కాకినాడ జేఎన్‌టీయూ ట్రాన్స్‌క్రిప్టులు దాంతో అయిపోవాలి. దాళ్వా డబ్బు మే నెల నాటికి చేతికొస్తే అది మార్జిన్‌కి (ఖర్చులో లోను పోగా మనం పెట్టుకోవాల్సిన వాటా), వీసాకి. విదేశీ చదువుకు మార్జిన్ 15 శాతం, మొత్తం ఒకేసారి కట్టక్కర్లేదు, ఏ ఏడాదికాయేడు ఇవ్వొచ్చు. స్కాలర్‌షిప్ వస్తే అదీ మార్జిన్‌లో కలుపుతారు.

వెళ్లాక ఫీజు విడతలుగా బ్యాంకే యూనివర్సిటీకి పంపుతుంది. రెండో సెమిస్టరు ఇన్‌వాయిస్ వచ్చిన రోజే నాన్నగారికి పంపండి. ఆయన బ్రాంచికి వెళ్లి సంతకాలు పెట్టాలి, మధ్యలో సెలవులుంటాయి. గడువు దగ్గర పడ్డాక పంపిస్తే ఇక్కడ ఆయనకు, అక్కడ మీకు ఒకటే టెన్షన్.